వంతు వచ్చే ఆట

టెక్సస్ రాష్ట్రంలో డాలస్ పక్కనున్న గ్రాండ్ ప్రెయిరీలో 2008లో ఒక బేస్‌బాల్ మైదానం తెరిచారు. ఎయిర్‌హాగ్స్ అనే చిన్న జట్టు కొన్నేళ్లు అక్కడ ఆడి, చివరికి చాప చుట్టేసింది. ఆ మైదానాన్నే మార్చి కట్టి 2023 జూలైలో మేజర్ లీగ్ క్రికెట్ మొదలుపెట్టారు. మరుసటి ఏడాది జూన్ 6న అమెరికా జట్టు పాకిస్తాన్‌ను సూపర్ ఓవర్లో ఓడించిందీ అక్కడే. ఆ లీగులోని సియాటిల్ జట్టులో సత్య నాదెళ్లతో పాటు జీఎంఆర్ సంస్థకూ వాటా ఉంది. జీఎంఆర్ అంటే రాజాం. జనపనార మిల్లుతో వ్యాపారం మొదలెట్టిన గ్రంధి మల్లికార్జునరావు ఊరు. 2022 దాకా శ్రీకాకుళం జిల్లాలో ఉండేది, జిల్లాలు విడదీశాక విజయనగరంలోకి వెళ్లింది.

ఇటు నుంచి డబ్బు వెళ్లి బేస్‌బాల్ దేశంలో క్రికెట్ పెట్టింది. అటు నుంచి ఇటు వచ్చింది మాత్రం టోపీ ఒక్కటే. న్యూయార్క్ యాంకీస్ జట్టు గుర్తయిన ‘ఎన్‌వై’ అక్షరాలు నెత్తిన పెట్టుకుని తిరిగే కుర్రాళ్లు శ్రీకాకుళం బజార్లోనూ ఉన్నారు, విజయనగరం గంటస్తంభం దగ్గరా ఉన్నారు. వాళ్లలో యాంకీస్ ఆట చూసినవాడు దొరికితే నాకూ చూపించండి.

బేస్‌బాల్ అంటే అంతమందికి ఎందుకంత ఇష్టం? 2023లో అమెరికాలో పెద్ద లీగు ఆటలకు మైదానాలకొచ్చిన ప్రేక్షకుల లెక్క 7 కోట్లు దాటింది. జపాన్, క్యూబా, డొమినికన్ రిపబ్లిక్, కొరియా, తైవాన్, వెనిజులా జనం దాన్ని తమ ఆటే అనుకుంటారు. కారణాలు చెప్పినవాళ్లకూ కొదవ లేదు. అమెరికాలో ఈ ఒక్క ప్రశ్న మీదే అలమరలు నిండేటన్ని పుస్తకాలున్నాయి. ఆ జవాబులన్నిటినీ క్రికెట్ పిచ్చి ఉన్న మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో పెట్టి చూస్తే ఏది నిలబడుతుంది, ఏది జారిపోతుంది అన్నదే ఈ వ్యాసం పని. ఆటను పుట్టినచోట పొగడటం తేలిక, పుట్టనిచోట పెట్టి చూస్తేనే దాని బలమేమిటో తెలుస్తుంది.

ఆట తెలియనివాళ్లకు రెండు ముక్కలు. బంతి విసిరేవాడికీ కొట్టేవాడికీ మధ్య 60 అడుగుల 6 అంగుళాలు, మన పిచ్ కంటే కొంచెం తక్కువ. బంతి నేలకు తగలకుండా నేరుగా వస్తుంది. గంటకు 150 కిలోమీటర్ల వేగంతో వస్తే కొట్టేవాడికి దొరికేది సెకనులో పది భాగాలకు నాలుగు. మూడు స్ట్రైకులైతే, అంటే కొట్టాల్సిన బంతిని మూడుసార్లు వదిలేసినా ఊపి తప్పినా, ఔటు. కొట్టగలిగితే 90 అడుగులకొకటి చొప్పున ఉన్న నాలుగు బేసులూ చుట్టి రావాలి. ముగ్గురు ఔటైతే అవతలి జట్టు వంతు. అలా తొమ్మిది ఇన్నింగ్సులు, జట్టుకు 27 ఔట్లు. బ్యాటింగ్ వరసలో తొమ్మిదిమంది ఉంటారు, తొమ్మిదోవాడు అయ్యాక మళ్లీ మొదటివాడు. ఈ చివరి సంగతి గుర్తుంచుకోండి, దీంతో తర్వాత పని ఉంది.

ఎక్కువగా వినిపించే జవాబు, ఆ ఆటకు గడియారం లేదన్నది. ఫుట్‌బాల్లో నిమిషాలు అయిపోతాయి, బేస్‌బాల్లో ఔట్లు అయ్యేదాకా ఆట అవదు, ఆఖరి ఔటు దాకా ఆశ ఉంటుంది. రోజర్ ఏంజెల్ లాంటి గొప్ప రచయితలు దీని మీద అందంగా రాశారు. చదివితే నిజమే అనిపిస్తుంది. కానీ 2023లో లీగువాళ్లు మైదానంలోకి గడియారం తెచ్చిపెట్టారు. బేసుల మీద ఎవరూ లేనప్పుడు 15 సెకన్లలో, ఉన్నప్పుడు 20 సెకన్లలో బంతి వెయ్యాలన్నారు. ఆట సగటున 3 గంటల 4 నిమిషాల నుంచి 2 గంటల 40 నిమిషాలకు దిగింది, ప్రేక్షకులు పెరిగారు. గడియారం లేకపోవడమే అసలు ఆకర్షణ అయితే జనం తగ్గాలి కదా! మన దగ్గరా అంతే. అయిదు రోజుల ఆట మీద ప్రేమ ఒలకబోసేవాళ్లు చాలామందే ఉన్నారు గాని, సంక్రాంతికి ఊరూరా జరిగే టెన్నిస్ బంతి టోర్నీల్లో పది ఓవర్లకు మించి ఆడించరు. సాయంత్రం చీకటి పడేలోపు రెండు మూడు ఆటలవ్వాలి, కప్పు ఇచ్చే పెద్దమనిషి ఇంటికెళ్లాలి. తీరుబడి ఉన్నవాడు ఆ తీరుబడినే ఆట గొప్పతనంగా రాసుకున్నాడేమోనని నా అనుమానం.

రెండో జవాబు లెక్కలు. బేస్‌బాల్ అభిమాని అంటే సగం గుమస్తా. ప్రతి బంతికీ ఖాతా ఉంటుంది. 1941లో టెడ్ విలియమ్స్ సగటు .406, అంటే పదిసార్లకు నాలుగుసార్లకు పైగా బంతిని సరిగ్గా కొట్టాడు. ఆ తర్వాత అమెరికన్, నేషనల్ లీగుల్లో .400 దాటినవాడు లేడు. ఎందుకు లేడో వివరించడానికి స్టీఫెన్ జే గూల్డ్ అనే జీవశాస్త్రజ్ఞుడు 1996లో ఒక పుస్తకంలో పెద్ద భాగమే కేటాయించాడు. ఈ లెక్కల పద్ధతికి పునాది వేసిన హెన్రీ చాడ్విక్ ఇంగ్లండులో పుట్టినవాడు, న్యూయార్కులో క్రికెట్ వార్తలు రాస్తూ బేస్‌బాల్‌కు మళ్లినవాడు. అంటే ఈ పిచ్చి రెండు ఆటలకూ ఉమ్మడి ఆస్తి.

అందులో విజయనగరానికీ ఒక వాటా ఉంది. ఇంగ్లండ్ ఓపెనర్ జాక్ హాబ్స్ ఫస్ట్‌క్లాస్ సెంచరీలెన్ని అని అడిగితే కొందరు 197 అంటారు, కొందరు 199 అంటారు. ఆ రెండిటి తేడా 1930-31లో విజయనగరం మహారాజకుమారుడి జట్టు తరఫున హాబ్స్ కొట్టినవి. శాసనోల్లంఘన ఉద్యమం వల్ల ఇంగ్లండ్ నుంచి రావాల్సిన ఎంసీసీ జట్టు పర్యటన రద్దయితే, విజ్జీగా పేరుపడిన పూసపాటి విజయానంద గజపతిరాజు హాబ్స్‌నూ హెర్బర్ట్ సట్‌క్లిఫ్‌నూ పిలిపించి భారతదేశంలోనూ సిలోన్‌లోనూ సొంత జట్టుతో ఆడించాడు. ఆ ఆటలను ఫస్ట్‌క్లాస్ కింద కట్టాలా వద్దా అన్న తగువు ఇప్పటికీ తెగలేదు. లెక్కల మనుషులకు ఇంతకు మించిన పండగ ఉండదు. అయితే లెక్క ప్రేమను పెంచుతుందే గాని పుట్టించదు. ముందు ఆట పట్టుకున్నాకే ఎవడైనా పుస్తకం తెరుస్తాడు.

విజ్జీ పేరు వచ్చింది కాబట్టి మూడో జవాబు ఇక్కడే చూద్దాం. గొప్పవాళ్లను చూసి జనం ఆటకు అలవాటు పడతారంటారు. అమెరికాలో బేబ్ రూత్‌నూ జాకీ రాబిన్సన్‌నూ చూపిస్తారు. మన దగ్గర చూపించడానికి 1936లో ఇంగ్లండుకు భారత జట్టును నడిపించిన కెప్టెన్ ఉన్నాడు. ఆయన మూడు టెస్టుల్లో ఆరుసార్లు బ్యాటింగ్‌కు దిగి చేసిన మొత్తం పరుగులు 33, సగటు 8.25. ఆ పర్యటనలో లాలా అమర్‌నాథ్‌ను క్రమశిక్షణ పేరిట మొదటి టెస్టుకు ముందే ఇంటికి పంపేశారు. మాంచెస్టర్‌లో విజయ్ మర్చంట్, ముస్తాక్ అలీ 203 పరుగుల ఓపెనింగ్ భాగస్వామ్యం పెట్టి పరువు నిలబెట్టారు. విజ్జీ ఆ ఏడాదే సర్ అయ్యాడు. ఎక్కువ కాలం కాశీలో గడిపాడు. తర్వాత క్రికెట్ బోర్డు అధ్యక్షుడయ్యాడు, విశాఖపట్నం నుంచి పార్లమెంటుకు వెళ్లాడు, రేడియోలో వ్యాఖ్యానం చెప్పాడు. విశ్వవిద్యాలయాల పోటీలకు ఆయన పేరిట ట్రోఫీ ఉంది, విజయనగరంలో స్టేడియం ఉంది. కానీ ఆయన ఆట చూసి బ్యాట్ పట్టినవాడు ఈ రెండు జిల్లాల్లో ఉన్నాడంటే నమ్మడం కష్టం. జమీందారీ డబ్బు ఆటను తీసుకురాగలిగింది, వీధిలోకి దించలేకపోయింది.

ఎదురు ఉదాహరణ ఇంకా గట్టిది. ఈ నేల నిజంగా ప్రపంచానికిచ్చిన క్రీడాకారులు బరువులతో పేరు తెచ్చుకున్నవాళ్లు. వీరఘట్టంలో పుట్టిన కోడి రామ్మూర్తి నాయుడు గుండెల మీద ఏనుగును ఎక్కించుకుని పేరు పొందాడు, శ్రీకాకుళంలో స్టేడియానికి ఆయన పేరే పెట్టారు. ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట అమ్మాయి కరణం మల్లీశ్వరి 2000 సెప్టెంబరు 19న సిడ్నీలో 110, 130 కలిపి 240 కిలోలెత్తి, ఒలింపిక్ పతకం తెచ్చిన తొలి భారతీయురాలైంది. విజయనగరం జిల్లా కొండవెలగాడ వెయిట్‌లిఫ్టర్ల ఊరుగా పేరు పొందింది, అక్కడి మత్స సంతోషి 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో పతకం సాధించింది. గొప్పవాళ్లే ఆటను జనంలోకి తెస్తారన్నది నిజమైతే, ఈపాటికి ఊరి కూడళ్లలో సాయంత్రాలు బార్‌బెల్ చుట్టూ గుంపులు ఉండాలి. కానీ గుంపులు టీవీ చుట్టూ ఉన్నాయి. “ఏటి బావూ, ఎంతయ్యింది?” అంటే స్కోరు సంగతే. టెక్కలి కుర్రాడు త్రిపురాన విజయ్‌ని 2024 ఐపీఎల్ వేలంలో ఢిల్లీ క్యాపిటల్స్ 30 లక్షలకు తీసుకుంటే జిల్లా అంతా చెప్పుకుంది. ఆట ముందే ఇంటింటా ఉంది కాబట్టే ఆ వార్త అంత పెద్దదైంది. మల్లీశ్వరి పతకం దానికంటే ఎన్ని రెట్లు పెద్దదో వేరే చెప్పాలా!

నాలుగో జవాబు రాజకీయం. ఇది చరిత్రకారులకు ఇష్టమైనది, నాకూ చాలావరకు నచ్చుతుంది. క్యూబాలో 1860లలో అమెరికాలో చదువుకుని వచ్చిన కుర్రాళ్లు బేస్‌బాల్ తెచ్చారు. స్పెయిన్ పాలకుల ఎద్దుల పోట్లాటకు బదులు ఇది ఆడటమే ఒక ధిక్కారమైంది, సర్కారు కొంతకాలం నిషేధించింది కూడా. జపాన్‌లో 1872 ప్రాంతంలో హొరేస్ విల్సన్ అనే అమెరికన్ ఉపాధ్యాయుడు విద్యార్థులకు నేర్పాడు. 1896లో ఇచికో బడి పిల్లలు యొకొహామాలోని విదేశీయుల క్లబ్బును 29-4తో ఓడించేసరికి అది జాతి గౌరవమైపోయింది. క్రికెట్ మన చేతికొచ్చిన కథా ఇంచుమించు ఇదే. దొరల ఆటలో దొరలను ఓడించే రుచి.

కాకపోతే ఈ లెక్కన ఏ దేశానికి ఏ ఆట దక్కిందన్నది చాలావరకు ఎవరి ఓడ ముందు వచ్చిందన్న సంగతే. 1888-89లో ఆల్బర్ట్ స్పాల్డింగ్ అనే క్రీడా సామగ్రి వ్యాపారి రెండు బేస్‌బాల్ జట్లను ప్రపంచమంతా తిప్పాడు. ఆస్ట్రేలియాలో ఆడించాడు, కొలంబోలో ఆడించాడు, అక్కడ నుంచి ఈజిప్టు వెళ్లి పిరమిడ్ల దగ్గర ఆడించాడు. భారత నేల మీద ఆగలేదు. ఆగినా పెద్దగా ఒరిగేదేమీ ఉండదు లెండి, అప్పటికే కంటోన్మెంట్లలో క్రికెట్ వేళ్లూనింది.

ఇదే జవాబుకు అన్నిటికంటే ఆసక్తికరమైన సాక్ష్యం డొమినికన్ రిపబ్లిక్‌లోని శాన్ పెద్రో దె మకొరీస్. చెరుకు మిల్లుల ఊరు. ఆ తోటల్లో పని కోసం బ్రిటిష్ వెస్టిండీస్ దీవుల నుంచి వలస వెళ్లినవాళ్లు తమ క్రికెట్‌ను వెంట తీసుకెళ్లారు. వాళ్ల పిల్లలు, మనవలు క్రమంగా బేస్‌బాల్‌కు మారిపోయారు. అమెరికా లీగులకు ఆ ఊరు, దాని చుట్టుపక్కల మిల్లుల పేటలు పంపిన ఆటగాళ్ల సంఖ్య చూసి జనం ముక్కున వేలేసుకుంటారు. సామీ సోసా ఆ చుట్టుపక్కలవాడే, రాబిన్సన్ కనో ఆ ఊరివాడే. అవే చేతులు, అదే చెరుకు, ఆట మాత్రం మారింది. పుట్టుకలోనే ఒక ఆట రాసి ఉంటుందనేవాళ్లకు శాన్ పెద్రోను మించిన జవాబు లేదు. పక్కింటివాళ్లు ఏది ఆడితే పిల్లలు అదే ఆడతారు.

అమెరికాలోని తెలుగు ఇళ్లలోనూ ఇదే నడుస్తోంది. నాన్న శనివారం టెన్నిస్ బంతి లీగులో ఆడతాడు, కొడుకు లిటిల్ లీగ్ చొక్కా వేసుకుని గ్లోవ్ పట్టుకుంటాడు. 1939లో పెన్సిల్వేనియాలోని విలియమ్స్‌పోర్టులో కార్ల్ స్టోట్జ్ మొదలుపెట్టిన ఈ పిల్లల లీగు చేసిన పనిని పెద్ద లీగు తారలు కూడా చెయ్యలేదు. ఏడేళ్లవాడి చేతికి బ్యాట్ ఇచ్చి, నీ వంతు వచ్చింది, వెళ్లు అంది.

ఈ ప్రశ్నకు అసలు జవాబు ఇక్కడే ఉందని నా నమ్మకం. పైన చెప్పిన జవాబులన్నీ చూసేవాణ్ణి దృష్టిలో పెట్టుకుని చెప్పినవి. ఆటను ప్రేమించేవాడు ముందు ఎప్పుడో ఒకప్పుడు ఆడినవాడు, ఎంత చెత్తగానైనా సరే. ఆడాలంటే రెండు కావాలి. చవక బంతి, ఖాయంగా వచ్చే వంతు.

చవక బంతి సంగతి. అసలు బేస్‌బాల్ గట్టిది, చేతికి తోలు గ్లోవ్ లేకుండా పట్టలేం. ప్రతివాడికీ ఒక గ్లోవ్ కావాలంటే పేదవాడి ఆట కాదది. మరి ఎలా పాకింది? న్యూయార్క్ వీధుల్లో పిల్లలు చీపురు కర్రతో రబ్బరు బంతిని కొట్టి స్టిక్‌బాల్ ఆడారు. జపాన్‌లో 1910ల చివర్లో క్యోటోలో పిల్లల కోసం రబ్బరు బేస్‌బాల్ తయారుచేశారు, దాంతో ఆడే రకానికి వేరే సంఘాలు, వేరే పోటీలు పుట్టాయి. డొమినికన్ పిల్లలు పాల అట్టపెట్టె మడిచి గ్లోవ్ చేసుకున్నారు. మన శ్రీకాకుళం ఉద్దానంలో కొబ్బరి మట్ట చెక్కితే బ్యాట్ అవుతుంది, దానికి రబ్బరు బంతి చాలు. కోతలయ్యాక ఎండిన మడి పిచ్ అవుతుంది, గట్లు బౌండరీ అవుతాయి. భీమిలి దాటి కళింగపట్నం దాకా, అక్కడ నుంచి పైకి తీరమంతా అలలు వెనక్కి తగ్గిన గట్టి ఇసుక ఉంది. తోలు బంతి, ప్యాడ్లు, టర్ఫ్ పిచ్ కావాలంటే మన పల్లెల్లో నూటికి ఒక్కడు కూడా క్రికెట్ ఆడి ఉండేవాడు కాదు. రెండు ఆటల్నీ బతికించింది మెత్త బంతే. పాలకమండళ్లు ఈ సంగతి ఎప్పుడూ ఒప్పుకోవు, వాటి చరిత్రల్లో తోలు బంతే ఉంటుంది.

ఇక వంతు. క్రికెట్ ఈ విషయంలో కొంచెం నిర్దయగల ఆట. బాగా ఆడేవాడు రోజంతా ఆడతాడు, ఏడో స్థానంవాడు ప్యాడ్లు కట్టుకుని కూర్చుని, వంతు రాకుండానే విప్పేస్తాడు. ఒక్క తప్పు చేస్తే అంతటితో సరి. బేస్‌బాల్లో వరస తిరిగి వస్తుంది. మూడుసార్లు గాలిలో ఊపి సిగ్గుపడి వెళ్లినవాడు గంట తర్వాత మళ్లీ అక్కడే నిలబడతాడు, ఒక ఆటలో నాలుగైదు సార్లు. పదిసార్లకు మూడుసార్లు బంతిని సరిగ్గా కొట్టినవాడే మొనగాడు. ఓటమికి ఇంత పెద్ద వాటా రాసిపెట్టి, అయినా మళ్లీ రమ్మని పిలిచే ఆట వేరే లేదంటారు అమెరికన్ రచయితలు. వాళ్ల జవాబుల్లో నేను పూర్తిగా ఒప్పుకునేది ఇదొక్కటే.

మన పిల్లలకు ఆ అదృష్టం లేదా అంటే, వాళ్లే తయారుచేసుకున్నారు. సందుల్లో ఆడే క్రికెట్ రూల్సు ఎవరూ పుస్తకంగా వేయలేదు గాని, వేస్తే క్రికెట్ రూల్సు రాసే ఎంసీసీ సిగ్గుపడాలి. వరస తేల్చడానికి నేల మీద గీతలు గీసి అంకెలు వేసి పైన బ్యాట్ కప్పుతారు, ఎవడు ఏ గీత కోరుకుంటే వాడిది ఆ నంబరు. మొదటి బంతి ట్రయల్, దానికి ఔటు లేదు. బంతి ఒకసారి నేలకు తగిలాక ఒంటిచేత్తో పట్టినా ఔటే, అంటే ఎవడూ ఎక్కువసేపు పాతుకుపోకూడదు. గోడ దాటి ఇంట్లో పడితే ఔటు, ఆ ఇంటి పెద్దావిడ తిట్లు అదనం. మనుషులు బేసిగా వస్తే మిగిలినవాడు జోకర్, రెండు జట్లకూ బ్యాటింగ్ చేస్తాడు. మరీ చిన్న గుంటడైతే మెల్లగా విసురుతారు. వీటిలో ప్రతి రూలూ వంతులు త్వరగా తిరగడానికి, ఎవడూ ఒట్టి చేతులతో ఇంటికి వెళ్లకుండా ఉండటానికి పుట్టిందే. ఒకే ఒక్క మినహాయింపు: బ్యాట్ ఎవడిదో ముందు వాడు ఆడతాడు. జమీందారీ డబ్బుతో విజ్జీ కెప్టెన్ అయిన పద్ధతి ఆ సందులో ఇప్పటికీ బతికే ఉంది.

చెప్పొచ్చేదేమిటంటే, మన వీధి పిల్లలు క్రికెట్‌ను తమకు తెలియకుండానే బేస్‌బాల్ వైపు లాక్కొచ్చారు. వాళ్లకంటే ముందు గూటీబిళ్ల ఉంది. గాల్లోకి లేచిన బిళ్లను కర్రతో కొట్టాలి, ఎవడైనా పట్టేస్తే ఔటు, వంతు పక్కవాడిది. 2003లో ఇంగ్లండులో పుట్టిన ట్వంటీ20 కూడా ఆ దారిలోనే వచ్చింది. మూడు గంటల ఆట, ప్రతి బంతికీ ఊపుడు. దానికి ముందే ఆస్ట్రేలియా జట్టు బంతి విసరడం నేర్చుకోవడానికి మైక్ యంగ్ అనే బేస్‌బాల్ శిక్షకుణ్ణి పెట్టుకుంది. ఇంకో పోలికా ఉంది. బేస్‌బాల్ లీగులో ఏడాదికి జట్టుకు 162 ఆటలు, ఇంచుమించు రోజుకొకటి. 1921 ఆగస్టులో పిట్స్‌బర్గ్ కేడీకేఏ రేడియో మొదటిసారి ఆట ప్రసారం చేసినప్పటి నుంచి అది వంటింట్లోనూ కార్ఖానాలోనూ పని చేసుకుంటూ వినే తోడైంది. ఐపీఎల్ వేసవి సాయంత్రాలకు చేస్తున్నదీ అదే. వేరే వేరే ఊళ్లలో పుట్టిన రెండు ఆటలు ఒకే రకం జనం చేతుల్లో పడి దగ్గరవుతున్నాయి.

వంతే ఆకర్షణకు మూలం అని ఒప్పుకుంటే, వంతు దొరకనివాళ్ల సంగతి అడగాలి. ఈ ప్రశ్న మీద రాసినవాళ్లు దాదాపు అందరూ మగవాళ్లు. ‘నాన్నతో బంతి విసురుకున్న రోజులు’ అన్నది వాళ్లకు ఇష్టమైన అధ్యాయం. లిటిల్ లీగ్ అమ్మాయిలను చేర్చుకున్నది 1974లో, అదీ కోర్టు మెట్లెక్కాక. 2014లో మోనే డేవిస్ అనే పదమూడేళ్ల అమ్మాయి ఆ లీగు ప్రపంచ పోటీల్లో ప్రత్యర్థికి ఒక్క పరుగూ ఇవ్వకుండా గెలిపించింది. మన సంక్రాంతి టోర్నీల్లో అమ్మాయిల జట్టు కనిపించడం అరుదు. మడి గట్టు మీద నిలబడి చూసేవాళ్లలో ఉంటారు, గీతల మీద బ్యాట్ కప్పినప్పుడు ఉండరు. ఉత్తరాంధ్ర అమ్మాయిలు బరువుల గదిలో దేశానికి పేరు తెచ్చారంటే, అక్కడ ఎవరి వంతూ లాక్కోవాల్సిన పని లేకపోవడం ఒక కారణమై ఉంటుందని నా ఊహ. ఊహే, రుజువు చెయ్యలేను.

బేస్‌బాల్ చెల్లెలు సాఫ్ట్‌బాల్ మన పాఠశాల క్రీడల్లో ఎప్పటి నుంచో ఉంది, బాలికలకూ పోటీలుంటాయి. అక్కడా తొమ్మిదిమంది వరస, తొమ్మిదో అమ్మాయికీ బ్యాటింగ్ రాక తప్పదు. అడ్డమల్లా గ్లోవ్‌లే. ఫీల్డింగ్ చేసే తొమ్మిదిమందికీ తలా ఒకటి కావాలి, ఊళ్లో కొబ్బరి మట్ట దొరికినట్టు అవి దొరకవు. జపాన్ వాళ్లు రబ్బరు బంతితో దాటిన అడ్డంకి అదే. ఈ జిల్లాల్లో ఏ వ్యాయామ ఉపాధ్యాయుడో ఉపాధ్యాయురాలో గ్లోవ్ అక్కర్లేని మెత్త బంతితో నాలుగు మూలలూ గీసి, ఆటల పీరియడ్లో తొమ్మిదిమంది చొప్పున అమ్మాయిల్ని వరసలో నిలబెడితే, అమెరికా పుస్తకాల అలమరల కంటే ఆ పీరియడే ఈ ప్రశ్నకు మంచి పరీక్ష.